కిర్రబీ వానలెక్క

ఆ ఏడాది రెక్స్ లిండ్నర్ తన గోధుమ కొయ్యకాళ్లను ఈస్టర్ తర్వాతి మంగళవారం తగలబెట్టాడు. నా భార్య డల్సీ గురువారం పొద్దున పోయింది.

ఆమె ఊపిరితిత్తులు మూడేళ్లుగా బాగాలేవు. వరండాలో మంచం, పక్కనే ఆక్సిజన్ సిలిండర్. రెక్స్ పొలం మా కంచెకు అవతలే. సోమవారం ఆమే అతనికి ఫోన్ చేసింది.

"రెండు రోజులు ఆగు రెక్స్. గురువారం నన్ను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఫోన్ పెట్టేసి, "ఆగుతాడులే" అంది నాతో. ఆగలేదు.

పొగ లేకపోయినా నెలకు మించి ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. "ఆ నెల నాది" అన్నాను.

డల్సీ పని ఒకటి ఆగకూడదని నాకు పట్టుదల. మా కిర్రబీలో వాన పడ్డాక పొద్దున తొమ్మిదింటికి ప్రతి ఇంట్లోనూ వాన కొలిచే గొట్టం చూస్తారు. ఎంత పడిందో ఆమెకు ఫోన్ చేసి చెప్పేవారు. ఇరవై ఐదేళ్లు ఆమె దాన్ని నోటు పుస్తకాల్లో రాసింది. ఆ తర్వాత ఆమె చెల్లెలు హేజెల్, కౌన్సిల్ లైబ్రరీలో పనిచేసే మనిషి, బ్లాగు పెట్టించింది. అప్పటినుంచి వాన పడినప్పుడల్లా డల్సీ ఒకే మాట రాసేది: "పడింది. మీకెంత?" కింద పదిహేడు ఇళ్లవాళ్లు తమ పేరు, అంకె పెట్టేవారు. 14 అంటే పద్నాలుగు మిల్లీమీటర్లు. మా వాళ్లకు అంతకంటే మాటలు రావు. ఎనభై ఆరేళ్ల మావిస్ ఒక్కతే పాతకాలం పాయింట్లలో రాసేది, వంద పాయింట్లకు ఒక అంగుళం. డల్సీ వాటిని మిల్లీమీటర్లలోకి మార్చుకునేది. అక్టోబరు ఆఖరున పంటకాలం మొత్తానికి ఇంటింటి పట్టిక వేసేది. వచ్చే ఏడు ఏ చేలో ఏం విత్తాలో జనం ఆ పట్టిక చూసి తేల్చుకునేవారు.

బ్లాగు వచ్చాక ఎవరూ ఇళ్లలో విడిగా రాసుకోవడం లేదు. అంకె పెట్టడం, గొట్టంలో నీళ్లు పారబోయడం. డల్సీ దగ్గర ఉందిగా అని ధీమా.

అంత్యక్రియలయ్యాక హేజెల్ ఆ బ్లాగులో అక్క చావు వార్త రాసింది. మర్నాడు దాని కింద మొదటి మాట ఇది:

"అద్భుతమైన వార్త. ఇలాంటి సంతోషకరమైన విషయాలు మరిన్ని రాయండి. మా కుటుంబమంతా చదివి ఆనందించాం. చౌక చేతిసంచుల కోసం ఇక్కడ నొక్కండి." పేరు జెన్నిఫర్.

నేను ఒక్క పంతులున్న బడిలో పదమూడో ఏట చదువు ఆపినవాణ్ణి. ఒక్క వేలితో కొడతాను. అరగంట కూర్చుని జవాబు కొట్టాను: "నువ్వెవరు? ఎవరి తాలూకు? చచ్చిపోయింది నా భార్య." మర్నాటికి జెన్నిఫర్‌కు నలభై మంది అక్కచెల్లెళ్లు వచ్చారు. మందులమ్మేవాళ్లు, గడియారాలమ్మేవాళ్లు. అందరికీ డల్సీ చావు నచ్చింది.

హేజెల్ వచ్చి చూసింది.

"ఇది మనిషి కాదు ఎరిక్. ఎక్కడో యంత్రం. లక్ష బ్లాగుల్లో ఒకేసారి ఇదే రాస్తుంది."

"చావు వార్త కింద రాసింది."

"దానికి చావేంటి, పెళ్లేంటి." తెర మీదకు వంగింది. "జవాబు కూడా ఇచ్చావా?"

"ఇచ్చాను."

"చేతిసంచి కూడా కొన్నావా?" నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. "సరే, విను. కామెంట్లు మూసేద్దాం. అక్క రాసిందంతా ఉంటుంది. కొత్తగా ఎవరూ ఏమీ రాయలేరు."

"మరి వాన?"

"వాన సంగతి రేడియో చెబుతుంది."

"రేడియో విమానాల మైదానంలో పడింది చెబుతుంది. మావిస్ గుట్ట మీద పడింది చెప్పదు."

"రోజుకు మూడొందలు వస్తాయి ఇలాంటివి. నీకు డెబ్బై ఒకటి. ఎన్నని ఏరతావు?"

"గొర్రెలకు పురుగు పడుతుంది. మంద అమ్మేసుకుంటామా?"

ఆమె ఒక నిట్టూర్పు విడిచి, చెత్త పట్టేది ఏదో బ్లాగుకు తగిలించింది. ప్రతి కామెంటు పక్కనా 'చెత్త' అని ఒక మీట వచ్చింది.

"నువ్వు నొక్కేకొద్దీ అది నేర్చుకుంటుంది. కుక్కపిల్లకు నేర్పినట్టే. కొన్నాళ్లకు అదే పట్టుకుంటుంది."

"కుక్కలకు నేర్పడం నాకు చెప్పకు" అన్నాను. యాభై ఏళ్లు గొర్రెల కుక్కలతోనే గడిపాను.

ఏప్రిల్ ఇరవై ఐదున, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం ఊరు తెల్లారేసరికి రాతి స్తంభం దగ్గర నిలబడి ఉండగా తొలివాన మొదలైంది. గొడుగు ఎవరూ తెరవలేదు. రెక్స్ అవతలి వరసలో టోపీ తీసి నిలబడ్డాడు. నేను ఇంటికొచ్చి తొమ్మిదింటికి గొట్టం చూసి కొట్టాను: "పడింది. మీకెంత?"

అంకెలు వచ్చాయి. పది, పదకొండున్నర, మావిస్ నలభై ఐదు పాయింట్లు. తొమ్మిదోది: రెక్స్, 12.

'చెత్త' నొక్కాను.

మే మూడున మళ్లీ పడింది. మళ్లీ నొక్కాను. పదకొండున, పదహారున కూడా. తప్పని తెలుసు. ప్రాణానికి హాయిగా ఉంది.

ఆ తర్వాతి వానకు అంకెలు తగ్గాయి. రెండు వానలు పోయేసరికి ఒక్కటీ లేదు. మనిషి పోయాక జనం ఇంతే అనుకున్నాను. నా మాట మాత్రం మానలేదు. వాన పడటం, నేను "మీకెంత?" అనడం. కింద ఎప్పుడైనా ఒకటి కనబడేది: "మీ ఆలోచనలు నా జీవితాన్నే మార్చాయి." తీసేసేవాణ్ణి. కిర్రబీలో ఎవరి జీవితాన్నీ నేను మార్చలేదు.

జూన్ పదిహేడున నెవిల్ కొట్టుకు వెళ్లాను. మావిస్ మాంసం కూరిన వేడి పాస్టీ చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి అటు తిరిగింది. డబ్బులిచ్చి వెళ్లబోతుంటే మళ్లీ ఇటు తిరిగింది.

"పాయింట్లలో రాయడం నీకు గిట్టకపోతే మొహం మీద చెప్పొచ్చు."

"ఏంటి?"

"ఐదుసార్లు రాశాను. పెట్టింది పెట్టినట్టు మాయం. డల్సీకి పనికొచ్చిన పాయింట్లు నీకు పనికిరావా?"

"నాకు నీ అంకె ఒక్కటి కూడా కనబడలేదు మావిస్."

"నాదీ పోతోంది" అన్నాడు నెవిల్ గల్లా వెనకనుంచి. "మొదట రెక్స్‌ది ఒక్కటే తీసేస్తున్నావనుకున్నాం. తర్వాత మావీ తీశావు. మేమేం చేశామయ్యా నీకు?"

"రెక్స్‌ది తీసినట్టు మీకెలా తెలుసు?"

మావిస్ పాస్టీ పక్కన పెట్టింది. "పదిహేడిళ్లు. పదహారు అంకెలుంటే లేనిదెవరిదో లెక్కపెట్టుకోలేమా? మేమూ బడికి వెళ్లాం ఎరిక్. నీ బడికే."

కొట్టులోంచి నేరుగా లైబ్రరీకి వెళ్లాను. హేజెల్ బ్లాగు చెత్తబుట్ట తెరిచింది. చెత్త అని పట్టుకున్నవన్నీ అందులోకే పోతాయి. తొమ్మిది వేల నాలుగు వందలు. చేతిసంచులు, మాత్రలు, గడియారాలు, వాటి మధ్యలో అక్కడక్కడ: 6. 3. 22 పాయింట్లు. 8.

"మనిషి రాసింది ఏదైనా చెత్త అని నొక్కావా?"

"నాలుగుసార్లు."

"ఎవరిది? ఏం రాశాడు?"

"రెక్స్. మొదటిసారి పన్నెండు అని."

"ఒట్టి పన్నెండేనా?"

"ఒట్టి పన్నెండే."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఒట్టి అంకె కనబడితే చెత్త అని దానికి నువ్వే నేర్పావు. 'మీ రచన అద్భుతం' అన్నవాడు దానికి మనిషి. 'ఆరు' అన్నవాడు చెత్త."

కుక్క తప్పు కాదు. కుక్క తప్పు ఎప్పుడూ కాదు.

"అన్నీ వెనక్కి తెచ్చెయ్" అన్నాను.

"ఒక్కొక్కటీ చేత్తో ఏరాలి. ఇంకో సంగతి. ఈ బుట్టలో ముప్పై రోజులు దాటింది దానంతటదే పోతుంది. మే పద్దెనిమిదికి ముందువి పోయాయి. రేపటికి పద్దెనిమిదో తారీఖువి పోతాయి."

ఆ అంకెలు ఇంకెక్కడా లేవు. నీళ్లు ఎప్పుడో పారబోశారు.

ఐదు రోజులు పట్టింది. తెల్లారిన దగ్గర్నుంచి ఇంట్లో నేను, భోజనం వేళ లైబ్రరీలో హేజెల్. పాతవాటి దగ్గర మొదలుపెట్టి వేలితో దిగుతూ వచ్చాను. ఇంత మర్యాద నేను బతుకులో చూడలేదు. ప్రతి చెత్తా కృతజ్ఞతలతోనే మొదలయ్యేది. మూడో రోజు ఒక సంగతి గమనించాను. ప్రతి వానకూ రెక్స్ ఉన్నాడు. తనది తీసేస్తున్నానని తెలిసి కూడా ప్రతి వానకూ రాశాడు.

హేజెల్ నా పక్కన కూర్చుని ఉంది. "అదీ నొక్కాలి" అంది. "వదిలేశావంటే మళ్లీ అందరివీ తోసేస్తుంది."

'చెత్త కాదు' నొక్కాను. కిందిదాని మీదకు వెళ్లాను.

డెబ్బై నాలుగు అంకెలు దొరికాయి. రెక్స్‌వి నాలుగు దొరకలేదు. నేను నా వేలితో పారేసినవే, ముప్పై రోజులు దాటి పోయినవి. డల్సీ పట్టికల్లో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. చూశాను, మొత్తం తిరగేశాను. జ్వరంతో ఉన్న ఏడాది కూడా లేదు.

కంచె దగ్గరకు నడిచాను. రెక్స్ తీగ బిగిస్తున్నాడు.

"నాలుగు అంకెలు కావాలి" అని తేదీలు చెప్పాను.

"బ్లాగులో పెట్టానే."

"పారేశాను."

"తెలుసు." చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "రెండోసారి నుంచి ఇందులో రాసుకుంటున్నాను, నీతో పడలేక. మొదటిది గుర్తుంది. పన్నెండు. తర్వాత నాలుగు. ఏడున్నర. మూడు."

అరచేతి మీద రాసుకున్నాను.

"ఎరిక్. ఆ రోజు గాలి ఉత్తరం నుంచి. మీ ఇంటివైపు లేదు. అంటించాక తిరిగింది."

"నేను అడగలేదు."

"చెబుతున్నాను."

"వాన లెక్క చెప్పావు, చాలు. గాలి లెక్క నీ దగ్గరే పెట్టుకో."

తీగ మళ్లీ పట్టుకున్నాడు. "క్షమించమని నేను అడగడం లేదు."

"అడక్కు. నా దగ్గర లేదు."

ఇంటికొచ్చి నాలుగు గడులూ నింపాను.

చెత్త మాత్రం తగ్గలేదు. పైగా ఆ చెత్త పట్టేదానికి ఇప్పుడు ఏది ఏదో తెలియడం లేదు, ఇద్దరు యజమానులు పెంచిన కుక్కలా. జూలైలో హేజెల్ ఇంకో ఉపాయం తెచ్చింది.

"కామెంటు పెట్టేముందు ఒక ప్రశ్న అడుగుదాం. ఇక్కడి మనుషులకు తప్ప తెలియనిది. సరైన మాట కొడితే పైకి వస్తుంది, లేకపోతే బుట్టలోకి పోతుంది. యంత్రం ఎంత తిప్పలు పడ్డా చెప్పలేదు. ఏదైనా పెట్టు. ధాన్యం నిలవచేసే సైలోకు మెట్లు ఎన్ని, పోస్టాఫీసు తలుపు ఏ రంగు, అలాంటిది."

కుర్చీ నా వైపు లాక్కుని కొట్టాను: "రెక్స్ లిండ్నర్ తన కొయ్యకాళ్లు ఏ రోజు తగలబెట్టాడు?" జవాబు గడిలో: మంగళవారం.

ఆమె చదివింది. చాలాసేపు చదివింది, అంత చిన్న వాక్యాన్ని.

"తీసెయ్."

"తీయను."

"వాన రాయాలంటే ప్రతివాళ్లూ ఇది కొట్టాలి. ముసలి మావిస్ కొట్టాలి. అతనే కొట్టాలి, ఎరిక్. తన గొట్టంలో ఎంత పడిందో చెప్పడానికి."

"యంత్రానికి తెలియదు. ఇక్కడ అందరికీ తెలుసు. నువ్వు అడిగింది అదేగా."

"అక్క ఉంటే..."

"అక్క లేదు. ఉంటే ఈ ప్రశ్నే లేదు."

ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వేయలేదు. వేసి ఉంటే బాగుండేదనిపించింది.

తొమ్మిదో తారీఖున మంచి వాన. పొద్దున "పడింది. మీకెంత?" అన్నాను. చేతిసంచి ఒక్కటి కూడా రాలేదు. అంకెలూ రాలేదు. పదింటికి నెవిల్‌ది వచ్చింది, పదిన్నరకు ఇంకో ఇద్దరివి. అంతే. ఫోన్ మోగింది.

"ఆ మాట నేను కొట్టను" అంది మావిస్. "ముప్పై ఒక్క పాయింట్లు. చేత్తో రాసుకో. నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, అది కూడా రాసుకో."

రాసుకున్నాను. ముప్పై ఒకటి. రెక్స్ తప్ప మిగతావాళ్లూ తమ అంకె ఫోన్లోనే చెప్పారు.

జూన్ తర్వాత నాకు ఒక అలవాటైంది. ఆ రోజు బుట్ట ఆ రోజే పైనుంచి కిందికి చూస్తాను. రెండు వందల పదమూడు ఉన్నాయి. చేతిసంచుల మధ్య రెక్స్ ఉన్నాడు. ఒక్క మాట అడిగిన చోట ఇంత రాశాడు, తప్పు జవాబని బ్లాగు తోసేసింది:

"మంగళవారం. గాలి మీ వైపే ఉంది. చూసే అంటించాను. గురువారానికి మంట చూసే మనుషులు దొరకరని. 9."

లేచి వెళ్లి గొర్రెల తొట్టిలో నీళ్లు చూశాను. నిండుగానే ఉన్నాయి. వాన పడిందిగా. తిరిగొచ్చాను. అది అక్కడే ఉంది.

ముప్పై రోజులు ఊరుకుంటే దానంతటదే పోయేది. అప్పుడు అది నాకొక్కడికే తెలిసేది.

'చెత్త కాదు' నొక్కాను. పదిహేడిళ్లకూ కనబడేలా పైకి వెళ్లింది, అతని పేరుతో సహా.

మధ్యాహ్నం హేజెల్ ఫోన్ చేసింది. "చూశాను" అంది. "ఇక ప్రశ్న తీసేస్తావా?"

"ఎందుకు? పనిచేస్తోందిగా."

"క్షమించావా అతన్ని?"

"లేదు."

"మరి పైకి ఎందుకు పెట్టావు?"

"అతను రాశాడు కాబట్టి. యంత్రం రాయలేదు."

తర్వాతి వాన ఇరవై రెండున. పైన అంకెలు మూడే ఉన్నాయి. బుట్ట తెరిస్తే మిగతావాళ్లంతా అందులో ఉన్నారు.

"మంగళవారం. నాకూ పొగ కనబడింది. అతనికి ఫోన్ చేయాల్సింది. చేయలేదు. 6."

"మంగళవారం. ఆ రోజు ఆమెకు నిమ్మకాయలు తేవాలనుకున్నాను. శనివారం తెద్దాంలే అనుకున్నాను. 5."

"మంగళవారం. మా నాన్న కూడా అలాంటి ఊపిరితోనే పోయాడు. ఎరిక్‌కు చెప్పలేకపోయాను. 7."

అట్టడుగున మావిస్. "మంగళవారం. సరే, కొట్టాను. ముప్పై నాలుగేళ్లు ఆమె నా పాయింట్లు మార్చింది. ఒక్కసారి విసుక్కోలేదు. 24 పాయింట్లు."

వీళ్లంతా అంత్యక్రియల్లో నా చెయ్యి పట్టుకుని ఊపి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లినవాళ్లే. ఒక్కొక్కటే చదివాను. ఒక్కొక్కటే నొక్కాను.

ఆ కాలమంతా అలాగే గడిచింది. ఒట్టి మంగళవారం అని రాస్తే నేరుగా పైకి పోతుందని అందరికీ తెలుసు. నెవిల్, ఇంకో ఇద్దరు తప్ప ఎవరూ అలా రాయలేదు. అక్టోబరు ఆఖరున పట్టిక వేశాను. పదిహేడు వరసలు, ఒక్క ఖాళీ లేదు. రెక్స్ వరసలో మొత్తం రెండు వందల డెబ్బై ఒకటి. నాకంటే నాలుగు ఎక్కువ. రెండుసార్లు కూడి చూశాను, తగ్గుతుందేమోనని.

రెక్స్‌తో నేను మాట్లాడను. అతనూ మాట్లాడడు. వాన పడిన ప్రతి పొద్దునా ముందు అతనే రాస్తాడు, ఒక్క మాటకు బదులు ఒక వాక్యం. చదువుతాను.

పట్టిక వేసిన రోజు హేజెల్ వచ్చి నా వెనక నిలబడింది. "మంగళవారం అన్న మాట ఎక్కడున్నా ఒప్పుకునేలా మార్చేస్తాను. రెండు నిమిషాల పని. రోజూ ఆ బుట్టలో చెయ్యి పెట్టే బాధ తప్పుతుంది నీకు."

"వద్దు" అన్నాను. "నా చేత్తోనే తీస్తాను."